పారే దారి, ఆగే దారి

మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో 1989 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి కొన్నాను. ఎల్‌ఎక్స్ హ్యాచ్‌బ్యాక్, ఐదు గేర్ల మాన్యువల్, వీ8 ఇంజను. ఫెండర్ మీద 5.0 అని బ్యాడ్జి ఉంటుంది గానీ ఇంజను కొలత 4,942 సీసీలే, అంటే నిక్కచ్చిగా చెబితే 4.9 లీటర్లు. కంపెనీ ప్రకటించిన బలం 225 హార్స్‌పవర్. 1979 నుంచి 1993 మోడల్ దాకా వచ్చిన ఈ తరం మస్టాంగులను అక్కడ ఫాక్స్‌బాడీలంటారు. తేలిక బండి. సెకండ్ హ్యాండ్‌లో చాలాకాలం చవగ్గా దొరికింది. బానెట్ ఎత్తితే చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది. అందుకే అమెరికాలో ఎంతోమంది కుర్రాళ్ళు ఇంజను పని దీనిమీదే నేర్చుకున్నారు. నా బండి మీద కూడా నాకంటే ముందు ఎవరో పని నేర్చుకున్నారని కొన్న తరవాత తెలిసింది.

ఆ ఎవరో దీనికి వోర్టెక్ సూపర్‌చార్జర్ బిగించారు. క్రాంకు నుంచి బెల్టుతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని తోసే యంత్రం అది. గాలి ఎక్కువ తోస్తే దానికి తగ్గ పెట్రోలు కూడా పడాలి. పడకపోతే మిక్చరు లీనైపోతుంది, సిలిండర్లో వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలై చివరికి పిస్టన్ పోతుంది. ఈ లోటు ఇంటి ముందు ఐడ్లింగ్‌లో కనపడదు. పాలకూ కూరగాయలకూ వెళ్ళొచ్చినా కనపడదు. యాక్సిలరేటర్ అడుక్కంటా తొక్కి, బూస్టు, అంటే తోసిన గాలి ఒత్తిడి, నిండుగా ఉన్న ఆ కాసిన్ని సెకన్లలోనే బయటపడుతుంది. అప్పటికి చేతులు కాలిపోతాయి.

1990లలో ఇంట్లో బిగించుకునే సూపర్‌చార్జర్ కిట్లతో కంప్యూటర్ ట్యూనింగ్ సాధారణంగా వచ్చేది కాదు. దానికొక ఉపాయం ఎఫ్‌ఎంయూ అనే డబ్బా. ట్యాంకుకు తిరిగి వెళ్ళే పెట్రోలు గొట్టాన్ని బూస్టు పెరిగేకొద్దీ అది నొక్కిపెడుతుంది. పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు దూరం చిమ్మినట్టు, ఇంజెక్టర్ల దగ్గర ఒత్తిడి పెరిగి అవే ఇంజెక్టర్లు ఎక్కువ పెట్రోలు చల్లుతాయి. నా బండిలోనూ అదే ఉంది. దాని నిష్పత్తి 12:1, అంటే ఒక పీఎస్‌ఐ బూస్టుకు పన్నెండు పీఎస్‌ఐ పెట్రోలు ఒత్తిడి. ఆ రోజులకు తెలివైన పనే. అయితే ఇంజెక్టర్ పారకం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. పెట్రోలు రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోలేమో తగ్గిపోతుంది, అది తాగే కరెంటు పెరుగుతుంది. ఒకచోట లాగితే ఇంకోచోట చిరిగే వ్యవహారం.

మా పక్కింటి పెద్దాయన డియర్‌బోర్న్ అసెంబ్లీ ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాడు. బండి తెచ్చిన సాయంత్రమే కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, అద్దం మూలన ఉన్న ఛాసిస్ నంబరు వేలు పెట్టి చదివాడు. పదో అక్షరం కె, అంటే 1989. పదకొండోది ఎఫ్, అంటే డియర్‌బోర్న్. "మా ఇంటి పిల్లే" అన్నాడు నవ్వుతూ. 1964లో మొదటి మస్టాంగ్ పుట్టింది ఆ ప్లాంటులోనే. 2004లో అది మూతపడేదాకా అక్కడ మస్టాంగులు తయారయ్యేవి. ఆ తరవాత తాళంచెవి ఇమ్మని అడిగి, స్టార్ట్ చేయకుండా ఆన్ వరకు తిప్పి, తల పక్కకి వంచి విన్నాడు. వెనక నుంచి పెట్రోలు పంపు జుయ్యిమంటోంది. ఎంతసేపటికీ ఆ చప్పుడు ఆగలేదు.

"ఇది ఆగాలి కదా!" అన్నాడు.

ఈ బండి కంప్యూటరు కీ ఆన్ చేయగానే పంపును ఒకటి రెండు సెకన్లు మాత్రం తిప్పుతుంది, లైన్లో ఒత్తిడి నిలబడటానికి. తరవాత ఇంజను తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే పంపును కొనసాగనిస్తుంది. ఇంజను ఆగిపోతే పంపూ ఆగుతుంది. నా బండిలో కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు తిరుగుతూనే ఉంది. అంటే దాని కరెంటు కంప్యూటర్ని అడక్కుండా ఇంకో దారిన వస్తోందన్నమాట.

ఆ దారి ఎక్కడుందో వెతకడానికి కార్పెట్లు లేపాం. డ్రైవరు సీటు కింద కంపెనీ రిలే ఉంది గానీ దాని వైరు కోసేసి టేపు చుట్టి ఉంది. ఇగ్నిషన్ వైరుకు, తోలు ఒలవకుండానే పట్టుకునే నీలం రంగు క్లిప్పు ఒకటి తగిలించి, అక్కణ్ణుంచి సన్నటి వైరు కార్పెట్ కింద వెనక్కి లాగారు. దానికి ఫ్యూజు లేదు. వెనక హ్యాచ్‌లో ఎడమ పక్క ప్యానెల్ వెనకాల ఉండే, బండి గుద్దుకుంటే పంపును ఆపే ఇనర్షియా స్విచ్చుతో నిమిత్తం లేకుండా అది నేరుగా పంపుకు పోయింది. ఎప్పుడో రిలే చెడిపోయి దారిలో బండి ఆగినప్పుడు, ఇల్లు చేరడానికి ఎవరో చేసిన పని అయ్యుంటుంది. ఇల్లు చేరాక అలాగే వదిలేశారు. వైరు రంగులు కూడా ఒక పద్ధతిలో లేవు. ఎక్కడ అయిపోతే అక్కడ చేతికి దొరికిన ముక్క కలిపారు. కాగితం మీద గీసుకుంటూ పోతే తప్ప ఏది ఎందుకుందో అర్థం కాలేదు.

పెద్దాయన మల్టీమీటర్ తెచ్చి ఇంజను నడుస్తుండగా కొలిచాడు. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు. పంపు కనెక్టర్ వెనక సూది గుచ్చి చూస్తే 11 చిల్లర. మిగిలిన వోల్టులు దారిలోనే వేడిగా పోతున్నాయి. పంపు పారకం వోల్టేజిని బట్టే ఉంటుంది కాబట్టి, ఎంత పెద్ద పంపు కొన్నా ఈ వైరు మీద అది చిన్న పంపే. బలం పెంచే ముందు వైరింగ్ తేల్చుకోవాలని ఆయన తీర్పు.

లెక్క వేసుకున్నాం. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజనుకు ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు అవసరమని వాడుకలో ఉన్న అంచనా. మేం అనుకున్న 400 హార్స్‌పవర్‌కు గంటకు 240 పౌండ్లు, అంటే దాదాపు 109 కిలోలు. కంపెనీ ఇచ్చిన నారింజ రంగు ఇంజెక్టర్లు ఒక్కోటి గంటకు 19 పౌండ్లవి. ఎనిమిదింటినీ 85 శాతం మించకుండా వాడితే 129 పౌండ్లే వస్తాయి. అదే 42 పౌండ్లవి పెడితే 285. కనక 42 పౌండ్ల ఇంజెక్టర్లు, ట్యాంకులోకి గంటకు 255 లీటర్ల వాల్‌బ్రో పంపు, ఒత్తిడి సర్దుకునే రెగ్యులేటర్, కొత్త వైరింగ్, వీటన్నిటికీ తగ్గట్టు కంప్యూటర్ ట్యూనింగ్ అనుకున్నాం. ఎఫ్‌ఎంయూ డబ్బాకు సెలవు.

పంపు మార్చాలంటే ఫాక్స్‌బాడీలో సీటు కింద మూతలాంటిదేమీ ఉండదు, ట్యాంకే కిందకి దింపాలి. గరాజు తలుపు బార్లా తెరిచి, లోపలి హీటరు ఆపి, మంటలార్పే సిలిండర్ చేతికందేచోట పెట్టాం. బ్యాటరీ మైనస్ విప్పేశాం. ఇంజను మీది పెట్రోలు రైలుకు టైరు వాల్వులాంటి చిన్న వాల్వు ఉంటుంది. దానికి గుడ్డ చుట్టి నొక్కి ఒత్తిడి వదిలించాం. ట్యాంకులో ఉన్నదంతా సైఫన్‌తో తోడేసి, కింద జాకీ పెట్టి, రెండు పట్టీలు విప్పి మెల్లగా దించాం. పంపును పట్టి ఉంచే లాక్ రింగు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను ఉక్కు ఉలి అందుకోబోతే పెద్దాయన నా చేతిలో ఇత్తడి కడ్డీ పెట్టాడు. ఇత్తడికి నిప్పురవ్వ రాదు. రింగు చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ తిప్పితే చివరికి కదిలింది. లోపలి నుంచి పాత వార్నిషు లాంటి వాసన గుప్పుమంది.

వారాంతానికి వచ్చిన మా బావమరిది సాఫ్ట్‌వేర్ మనిషి. దూరం నుంచే చూస్తూ, "బావా, పెట్రోల్లో మోటారు ముంచి కరెంటిస్తే అంటుకోదా?" అన్నాడు. ఎవరికైనా వచ్చే అనుమానమే. మండాలంటే పెట్రోలు ఆవిరికి తగినంత గాలి కలవాలి. మూసిన ట్యాంకులో ఆవిరి మోతాదు సాధారణంగా మంట పుట్టనంత చిక్కగా ఉంటుంది. పైగా ఆ పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది. అందుకే ట్యాంకు అడుగంటేదాకా తోలడం పంపు ఆయుష్షుకు మంచిది కాదు. "అయినా నేను ఇక్కడే ఉంటాలే" అన్నాడు వాడు.

పంపుకూ పైన ఇనప గొట్టానికీ మధ్య జానెడు రబ్బరు గొట్టం ఉంటుంది. పాతది వేలితో నొక్కితే మెత్తగా, ఉబ్బిపోయి ఉంది. లోపలి పొర పొలుసులుగా లేచి వచ్చింది. బయట వాడే మామూలు పెట్రోలు గొట్టానికి లోపలి పక్కే పెట్రోలును తట్టుకునే శక్తి ఉంటుంది. రెండువైపులా పెట్రోల్లో మునిగి ఉండాలంటే ఎస్‌ఏఈ జే30ఆర్10 అని అచ్చువేసిన గొట్టం కావాలి. ధర చాలా ఎక్కువ, అడుగుల్లెక్కన అమ్ముతారు. ఆ జానెడు గొట్టం జారినా చీలినా ఎంత మంచి పంపైనా ట్యాంకులోనే పోసుకుంటూ కూర్చుంటుంది, బయట ఒక్క చుక్క కూడా కారదు. రోగం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. పెద్దాయన ఆ అచ్చు అక్షరాలు నా చేత చదివించి మరీ గొట్టం కోశాడు.

ఇక వైరింగ్. బ్యాటరీ ముందుంది, పంపు వెనకుంది. పది గేజి రాగి వైరు ఐదు మీటర్ల దాకా పట్టింది. అంత పొడుగున పది ఆంపియర్లు పారినా దారిలో పోయేది 0.2 వోల్టు లోపే. ఫ్యూజును బ్యాటరీకి ఆనుకునే పెట్టాలని పెద్దాయన పట్టుబట్టాడు. ఫ్యూజు కాపాడేది వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఎంత వైరుంటే అంత వైరుకు దిక్కు లేనట్టే. ఇంజను వెనక గోడలోంచి దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ వేశాం, లేకపోతే రేకు అంచు ఏడాదికో రెండేళ్ళకో వైరు తోలు కోసేస్తుంది. గుమ్మం పట్టీ కింద నుంచి నల్లటి ముడతల గొట్టంలో వైరును వెనక్కి తెచ్చి, హ్యాచ్‌లో కొత్త రిలే బిగించాం.

రిలే కాళ్ళకు నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు. 87 నుంచి పంపుకు. 85 ఎర్తు. 86కి ఏమివ్వాలన్న దాని మీదే పనంతా ఆధారపడి ఉంది. అక్కడ ఇగ్నిషన్ వైరు ఇస్తే బండి నడుస్తుంది, మళ్ళీ పాత కథే. పెద్దాయన సీటు కింద కోసేసిన వైరును తిరిగి కలిపి, కొత్త కంపెనీ రిలే పెట్టి, ఇనర్షియా స్విచ్చు దాటి పంపుకు పోయే గులాబీ మీద నల్ల చారల వైరును తెచ్చి 86కి ఇచ్చాడు. ఇకనుంచి పాత దారి పంపును మోయదు, కొత్త రిలేకి హుకుం మాత్రం ఇస్తుంది. బలం లావు వైరుది, అధికారం పాత వైరుది.

ఆ రాత్రి విజయవాడలో తెల్లారే వేళకు నాన్నకు వీడియో కాల్ చేశాను. నాన్న ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. లారీల సెల్ఫులు, డైనమోలు, హారన్ రిలేలతో బతుకంతా గడిపినవాడు. ఫోను రిలే దగ్గర పెట్టి చూపించాను. "ముప్పై బ్యాటరీ, ఎనభై ఏడు లోడు. ఎనభై ఆరుకి ఏమిచ్చార్రా?" అన్నాడు వెంటనే. చెప్పాను. "అదీ! ఎర్తు పెయింటు గీకి ఇచ్చారా, పైపైన బిగించారా?" రేకు మెరిసేదాకా గీకిన చోటు చూపిస్తే గాని నమ్మలేదు. జాయింట్లు టంకం వేయకుండా క్రింపు చేశామంటే మాత్రం ఆయనకు నచ్చలేదు. ఆ మాట ఇంగ్లీషులో చెబితే పెద్దాయన ఒక క్రింపు ముక్క ఫోను ముందుకు తెచ్చి రెండు చేతులా పట్టి లాగాడు. రాలేదు. టంకం వైరులోకి పాకి గట్టిపడిన చోట, ఎప్పుడూ అదిరే బండిలో తీగ విరిగే ప్రమాదం ఉందని ఆయన వాదం. "సరైన క్రింపింగ్ ప్లయరుంటే అదే మంచిది లే. మాకెక్కడుందిరా అది? కటింగ్ ప్లయరుతో నొక్కేవాళ్ళం, అందుకే టంకం" అని నాన్న సర్దుకున్నాడు.

ఇంజెక్టర్లు మార్చడానికి పై మానిఫోల్డు విప్పాలి. ఒక్కో కనెక్టరుకు సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది, పట్టు తప్పితే ఎగిరిపోతుంది. బావమరిదికి అవి ఏరే పని అప్పజెప్పాను. కొత్త ఇంజెక్టర్ల ఓ-రింగులకు ఇంజనాయిలు రాసి, మెలితిప్పకుండా తిన్నగా నొక్కి కూర్చోబెట్టాం. కంప్యూటరు మీద ఏ9ఎల్ అని కోడు ఉంటుంది, మాన్యువల్ గేర్ల మస్టాంగులకు వచ్చింది. దాని వెనక జే3 అనే పోర్టు ఉంది, ట్యూనింగ్ చిప్పు అందులోకే. ఆ పోర్టు రాగి పట్టీల మీద ఫ్యాక్టరీలో పూసిన పూత ఉంటుంది. అది పూర్తిగా పోయేదాకా తుడవకపోతే చిప్పు చదివే అంకెలు తప్పుతాయి. ఇంజెక్టర్లు రెట్టింపు పెద్దవైనప్పుడు కంప్యూటరుకు ఆ సంగతి చెప్పకపోతే ఇంజను పెట్రోల్లో మునిగిపోతుంది.

ట్యాంకు ఎక్కించి, కీ ఆన్ చేశాం. జుయ్యిమంది, రెండు సెకన్లలో ఆగింది. ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం ఆనించి చూశాం, తడి లేదు. ఇంజను స్టార్టయ్యాక రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం తీసి ఒత్తిడి 39 పీఎస్‌ఐకి సర్దాం, గొట్టం తగిలిస్తే ముప్పై దగ్గరికి దిగింది. పంపు దగ్గర వోల్టేజి 13.7. నేను బానెట్ వెయ్యబోయాను. పెద్దాయన ఆపి, ఇంజను నడుస్తుండగానే హ్యాచ్‌లోంచి ఇనర్షియా స్విచ్చు మరలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. లోపల గిన్నెలాంటి వాలులో ఒక ఉక్కు గుండు, దాన్ని పట్టి ఉంచే అయస్కాంతం, అంతే. గుద్దుకున్నప్పుడు గుండు అయస్కాంతం పట్టు విడిపించుకుని వాలు పైకెక్కి స్విచ్చును తన్నేస్తుంది. ఆయన దాన్ని అరచేతికేసి గట్టిగా కొట్టాడు. పైనున్న మీట టక్కున లేచింది. ఇంజను ఒకటి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మీట నొక్కి మళ్ళీ స్టార్ట్ చేయించి, ఇంకోసారి కొట్టి చూపించాడు. బండి బోల్తాపడి, గొట్టం తెగి, డ్రైవరు కీ తిప్పలేని స్థితిలో ఉండి, ఇంజను ఇంకా తిరుగుతున్నప్పుడు ఆ గుండు ఒక్కటే పంపును ఆపేది. నేను కొన్నప్పటి వైరింగ్‌లో దానికి పనే లేదు.

ట్యూనింగ్ డైనో మీద, అంటే చక్రాల దగ్గర బలం కొలిచే యంత్రం మీద జరిగింది. మా చూపంతా ఒత్తిడి గేజి మీదే. బూస్టు ఒక పీఎస్‌ఐ పెరిగితే పెట్రోలు ఒత్తిడీ ఒకటి పెరగాలి, అది లెక్క. బూస్టు 8కి చేరేసరికి గేజి 39 నుంచి 47కి ఎక్కి, రెడ్‌లైన్ దాకా అక్కడే నిలబడింది. గాలి పెట్రోలు నిష్పత్తి 11.5 చుట్టూనే ఉంది. చక్రాల దగ్గర 340 హార్స్‌పవర్ దాకా వచ్చింది. ఇంకా లాగవచ్చా అని బావమరిది అడిగాడు. పెట్రోలు సరిపోతుంది గానీ, ఈ ఇంజను బ్లాకు 500 దాటితే నిలువునా చీలుతుందని పేరుంది. ట్యూనర్ అక్కడితో చాలన్నాడు, నేనూ చాలన్నాను.

ఇంటికొచ్చాక పెద్దాయన ఒక అట్టముక్క అడిగి తీసుకున్నాడు. ఏ రంగు వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, ఏ రిలే ఎక్కడుంది, ఇంజెక్టర్లు ఎన్ని పౌండ్లవి, బేస్ ఒత్తిడి ఎంత, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, హ్యాచ్ ప్యానెల్ లోపలివైపు అతికించాడు. ఈ బండి నాతో ఆగదనీ, రేపు దీన్ని విప్పేవాడు మనలా కార్పెట్లు లేపుకుంటూ కూర్చోకూడదనీ ఆయన ఉద్దేశం.

ఆ అట్ట ఫోటో తీసి నాన్నకు పంపాను. కాసేపటికి ఫోను మోగింది.

"బాగుందిరా. కానీ మా ఆటోనగర్లో అందరూ ఇలా రాసిపెట్టి ఉంటే, మీ చదువులకు ఫీజులు కట్టేవాణ్ణి కాదు."